విమానం ఎందుకు కూలిందో చెప్పడానికి ఏళ్లెందుకు పడుతుంది?

విమానం కూలిన రోజు సాయంత్రానికల్లా కారణం ప్రచారంలోకి వచ్చేస్తుంది. పైలట్ తప్పు అంటారు, ఇంజిన్ ఆగిపోయింది అంటారు, బాంబు అంటారు. దర్యాప్తు అధికారులు మాత్రం నెలల తరబడి నోరు విప్పరు. ఏదో దాస్తున్నారన్న అనుమానం అక్కడే మొదలవుతుంది. కానీ ఈ నిదానానికి డెబ్బై ఏళ్ల చరిత్ర ఉంది. కారణం తెలియకుండానే తెలిసిందనుకున్నందుకు చాలా ప్రాణాలు పోయాక అలవడిన నిదానం ఇది.

అలాంటి తొందరపాటు ఒకటి 1954లో జరిగింది. ప్రపంచంలో తొలి జెట్ ప్రయాణికుల విమానం కామెట్. బ్రిటన్‌లో తయారై 1952 మేలో సర్వీసులోకి వచ్చింది. 1954 జనవరి 10న రోమ్ నుంచి లండన్ బయల్దేరిన ఒక కామెట్ ఎల్బా దీవి దగ్గర సముద్రంలో పడిపోయింది. 35 మంది చనిపోయారు. కామెట్లన్నిటినీ నేల మీద నిలిపేశారు. ఎందుకు కూలిందో అంతుపట్టలేదు. ఏమేం జరిగి ఉండొచ్చో జాబితా రాసుకున్నారు. మంటలు చెలరేగాయేమో అన్నది అందులో గట్టి అనుమానం. ఒక్కో అనుమానానికీ విమానంలో ఒక్కో మార్పు చేసి, మార్చి 23న మళ్లీ ఎగరనిచ్చారు. పదహారు రోజులకు, ఏప్రిల్ 8న, రోమ్ నుంచి కైరో వెళ్తున్న ఇంకో కామెట్ నేపుల్స్ దగ్గర సముద్రంలో కూలింది. ఈసారి 21 మంది.

ఆ తర్వాత ఫార్న్‌బరోలోని బ్రిటిష్ విమాన పరిశోధన కేంద్రంలో సర్ ఆర్నాల్డ్ హాల్ ఆధ్వర్యంలో జరిగిన పని ఇప్పటికీ దర్యాప్తులకు ఒరవడి. మొదటి ఆధారం విమానంలో దొరకలేదు, మృతదేహాల్లో దొరికింది. ఎల్బా దగ్గర తేలిన శవాలకు పోస్టుమార్టం చేసిన ఇటలీ వైద్యులు, చాలామందిలో ఊపిరితిత్తులు చిట్లిపోయి ఉండటం, తలకు బలమైన దెబ్బలు ఉండటం గమనించారు. క్యాబిన్‌లో గాలి పీడనం ఒక్కసారిగా పడిపోతే జరిగేది అదే. అంటే విమానం పైన ఉండగానే పగిలింది. ఫార్న్‌బరోలో క్యాబిన్ నమూనా ఒకటి చేసి, అందులో బొమ్మల్ని కూర్చోబెట్టి పీడనంతో పేల్చి చూశారు. బొమ్మలు ఎగిరి పైకప్పుకు కొట్టుకున్నాయి.

ఎందుకు పగిలిందన్నది రెండో ప్రశ్న. దానికోసం రిటైరైన ఒక కామెట్ ఒంటిని పెద్ద నీళ్ల ట్యాంకులో పెట్టారు, రెక్కలు మాత్రం బయటికి ఉండేలా. లోపలికి నీళ్లు పంపి పీడనం పెంచడం, మళ్లీ తగ్గించడం. అలా ఒకసారి చేస్తే ఒక ప్రయాణం కింద లెక్క. నీళ్లే ఎందుకంటే, గాలితో చేస్తే పగిలినప్పుడు ఒళ్లంతా బాంబులా పేలిపోయి, పగులు ఎక్కడ మొదలైందో తెలియకుండా పోతుంది. రాత్రింబవళ్లు నడిపారు. అసలు ప్రయాణాలు, ట్యాంకులో చేసినవి కలిపి 3,057వ విడతకు ఒంటి రేకు చీలిపోయింది. తీగను అటూ ఇటూ వంచుతూ పోతే ఎక్కడో ఒకచోట పుటుక్కుమన్నట్టు, పీడనం పెరిగి తగ్గిన ప్రతిసారీ ఆ రేకు కొంచెం కొంచెంగా అలసిపోయింది. ఇంజినీర్లు మెటల్ ఫెటీగ్ అనేది దీన్నే.

సముద్రం అడుగు నుంచి తీసిన శకలాల్లో విమానం పైకప్పు ముక్క ఒకటి కూడా చేతికొచ్చాక సందేహం తీరింది. ఏరియల్ (రేడియో సంకేతాలు అందుకునే యాంటెన్నా) కోసం పైకప్పుకు కోసిన చిన్న కిటికీ మూల దగ్గర పగులు కనబడింది. కామెట్ ప్రయాణికుల చదరపు కిటికీల వల్ల కూలిందని ఇప్పటికీ చెబుతుంటారు. మూలల దగ్గర ఒత్తిడి ఎక్కువన్నది నిజమే గానీ, ఎల్బా దగ్గర కూలిన విమానం చీలింది ప్రయాణికుల కిటికీ దగ్గర కాదు. ఇంత జాగ్రత్తగా జరిగిన దర్యాప్తు కూడా జనం నోట్లో పడేసరికి ఒక సులువైన మాటగా మారిపోయింది.

కామెట్ మిస్టరీ మీద కూర్చున్న ఆస్ట్రేలియా నిపుణుల్లో డేవిడ్ వారెన్ ఒకరు. ఆయన ఇంధనాల రసాయన శాస్త్రవేత్త. ఆయన చిన్నప్పుడే, 1934లో, తండ్రి విమాన ప్రమాదంలో పోయాడు. వారెన్ కొంతకాలం ముందు ఒక ప్రదర్శనలో జేబులో పట్టే చిన్న రికార్డర్‌ను చూశాడు. పైలట్ల మాటలు అలాంటిదాంట్లో నమోదై, అది ప్రమాదం తర్వాత కూడా మిగిలితే? ఉక్కు తీగ మీద నాలుగు గంటల మాటలు, మీటర్ల రీడింగులు నమోదు చేసే నమూనాను తయారుచేశాడు. సొంత దేశంలో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. తమ మీద నిఘా పెడతారా అని పైలట్లు మండిపడ్డారు. అందులో వివరణల కంటే తిట్లే ఎక్కువ వినిపిస్తాయని వైమానిక దళం తేల్చేసింది. 1958లో బ్రిటన్ నుంచి వచ్చిన ఒక ఉన్నతాధికారి చూసి ముచ్చటపడ్డాకే కథ ముందుకు కదిలింది. 1960లో మెకాయ్ దగ్గర ఫోకర్ విమానం కూలి 29 మంది చనిపోయాక, కారణం తేలక, ఆస్ట్రేలియానే కాక్‌పిట్ మాటల రికార్డింగ్‌ను తప్పనిసరి చేసిన తొలి దేశమైంది. బ్లాక్‌బాక్స్ అంటాం గానీ, శకలాల్లో చటుక్కున కనబడాలని దానికి వేసేది నారింజ రంగు.

ఎవరు దర్యాప్తు చేయాలన్న దానికి పౌర విమానయానం మీద దేశాలు చేసుకున్న 1944 నాటి షికాగో ఒప్పందమే ఆధారం. దాని 13వ అనుబంధం 1951లో వచ్చింది. ప్రమాదం జరిగిన దేశం దర్యాప్తును నడుపుతుంది. విమానం రిజిస్టరైన దేశం, నడిపిన సంస్థ దేశం, డిజైన్ చేసిన, తయారు చేసిన దేశాలు అందులో పాల్గొంటాయి. 30 రోజుల్లో ప్రాథమిక నివేదిక, వీలైతే ఏడాదిలో తుది నివేదిక. ఈ అనుబంధంలో ఇప్పుడున్న కీలకమైన వాక్యం ఏమిటంటే, దర్యాప్తు ఉద్దేశం మరో ప్రమాదాన్ని ఆపడమే, తప్పు ఎవరిదో తేల్చడం కాదు. చనిపోయినవాళ్ల ఇళ్లలో ఈ మాట చెప్పి ఒప్పించడం ఎంత కష్టమో వేరే చెప్పక్కర్లేదు. శిక్షలు, పరిహారాలు కోర్టుల పని. కానీ రెంటినీ ఒకే చేత్తో చేయబోతే, పైలట్లు గానీ మెకానిక్కులు గానీ నిజం చెప్పడం మానేస్తారు.

ఈ నియమం విలువ ఏమిటో న్యూజిలాండ్‌లో తెలిసొచ్చింది. 1979 నవంబర్ 28న ఆక్లాండ్ నుంచి అంటార్కిటికా చూపించడానికి సందర్శకులతో వెళ్లిన డీసీ-10 విమానం ఎరెబస్ పర్వతాన్ని ఢీకొంది. 257 మందీ చనిపోయారు. ప్రభుత్వ ప్రధాన దర్యాప్తు అధికారి నివేదిక పైలట్ల వైపు వేలు చూపింది. ఎక్కడున్నామో ఖాయంగా తెలియకుండా అంత కిందికి ఎందుకు దిగారు? న్యాయమైన ప్రశ్నే. కానీ తర్వాత విచారణ జరిపిన జస్టిస్ పీటర్ మహోన్ ఒక మెట్టు వెనక్కి వెళ్లారు. ఎక్కడున్నామని వాళ్లు అనుకున్నారు, అలా ఎందుకు అనుకున్నారు?

పైలట్లకు ముందుగా ఇచ్చిన బ్రీఫింగ్ ప్రకారం విమానం మెక్‌మర్డో జలసంధి మీదుగా, చదునైన మంచు మీద వెళ్లాలి. విమానం బయల్దేరే రోజు తెల్లవారుజామున నావిగేషన్ కంప్యూటర్‌లోని అక్షాంశ రేఖాంశాల్ని సరిదిద్దారు. మార్పు చేసిన సంగతి పైలట్లకు చెప్పలేదు. కొత్త దారి నేరుగా కొండ మీదికి పోతుంది. పైన తెల్లటి మబ్బు, కింద తెల్లటి మంచు. ఎదురుగా ఉన్న వాలు కూడా దూరం దాకా పరుచుకున్న మైదానంలా కనబడుతుంది. 1981లో మహోన్ ప్రధాన కారణం విమాన సంస్థదని తేల్చారు. సంస్థ అధికారులు కూడబలుక్కుని అబద్ధాలాడారన్న ఆయన మాటల్ని పై కోర్టులు తప్పుపట్టాయి. ఆ వివాదం దశాబ్దాలు నడిచింది. 2019లో, నలభై ఏళ్లకు, న్యూజిలాండ్ ప్రధాని బాధిత కుటుంబాలకు క్షమాపణ చెప్పారు. నా దృష్టిలో దర్యాప్తుల చరిత్రలో అసలు మలుపు ఇదే. పైలట్ తప్పు అనే మాటతో ఫైలు మూసేయడం అంతకుముందు ఎంత సులువో, ఆ తర్వాత అంత కష్టమైంది.

స్పెయిన్‌కు చెందిన టెనెరిఫే దీవిలో 1977లో పాన్ యామ్, కేఎల్ఎం సంస్థల రెండు జంబో జెట్లు పొగమంచులో రన్‌వే మీదే ఢీకొని 583 మంది చనిపోయిన ప్రమాదం కూడా ఇదే వైపు నెట్టింది. పాన్ యామ్ విమానం ఇంకా రన్‌వే మీదే ఉందేమోనని కేఎల్ఎం ఫ్లైట్ ఇంజినీర్ అడిగాడు. సీనియర్ కెప్టెన్ లేదన్నట్టు కొట్టిపారేశాడు. కింది ఉద్యోగి రెండోసారి గట్టిగా ఎందుకు అడగలేకపోయాడు? కాక్‌పిట్‌లో పెద్ద చిన్నా తేడా ఎలా పనిచేస్తుందన్నది శిక్షణలో భాగమైంది ఆ తర్వాతే.

పరికరాలు మనిషిని ఎలా తికమకపెడతాయో ఎయిర్ ఫ్రాన్స్ 447 చూపించింది. రియో నుంచి పారిస్ వస్తూ 2009 జూన్ 1న అట్లాంటిక్‌లో మాయమైంది. 228 మంది. విమానం చివర్లో తనంతట తాను పంపిన మెయింటెనెన్స్ మెసేజ్‌లను బట్టి వేగం కొలిచే పిటో గొట్టాల్లో మంచు పేరుకుందని తొందరగానే అర్థమైంది. దర్యాప్తు అక్కడే ఆగి ఉంటే గొట్టాలు మార్చి చేతులు దులుపుకునేవాళ్లు. రెండేళ్ల వెతుకులాట తర్వాత, 2011లో, దాదాపు 3,900 మీటర్ల లోతున రికార్డర్లు దొరికాయి. వేగం రీడింగులు తప్పింది నిమిషం లోపే. ఆటోపైలట్ ఆగిపోయాక కో-పైలట్ విమానం ముక్కును పైకి లాగుతూ ఉండిపోయాడు. రెక్కలకు గాలి పట్టు తప్పి విమానం నాలుగు నిమిషాల పైచిలుకులో నీళ్లలోకి జారింది.

అందులో ఒక చిత్రమైన వివరం ఉంది. నమోదైన వేగం మరీ తక్కువకు పడిపోతే, రెక్కలకు గాలి తగిలే కోణం రీడింగులు చెల్లవనుకుని, గాలి పట్టు తప్పుతోందని చెప్పే స్టాల్ హెచ్చరికను కంప్యూటర్ ఆపేస్తుంది. దాంతో ముక్కు పైకి లాగినప్పుడు హెచ్చరిక ఆగిపోయింది, సరైన పని చేసి ముక్కు దించితే మళ్లీ మోగింది. చీకట్లో, తుఫాను మబ్బుల మధ్య, అంత టెన్షన్‌లో ఉన్న మనిషికి అది ఏమని చెప్పినట్టు?

కారణం దొరక్కపోతే దొరకలేదని రాయడం కూడా దర్యాప్తులో భాగమే. 1991లో కొలరాడో స్ప్రింగ్స్‌లో బోయింగ్ 737 కూలి 25 మంది చనిపోతే, అమెరికా రవాణా భద్రతా బోర్డు కారణం తేల్చలేకపోయామని రాసింది. 1994లో పిట్స్‌బర్గ్ దగ్గర మరో 737 అలాగే తిరగబడి కూలింది, 132 మంది. 1996లో ఇంకో 737 ఉన్నట్టుండి పక్కకు ఒరిగినా పైలట్లు క్షేమంగా దించారు. ఏం జరిగిందో చెప్పడానికి ఈసారి మనుషులు మిగిలారు. చుక్కాని వాల్వును గడ్డకట్టేంత చల్లబరిచి, వేడి హైడ్రాలిక్ నూనెను ఒక్కసారిగా పంపి చూస్తే, వాల్వు బిగుసుకుంది. అలా బిగుసుకుంటే పైలట్ ఒక వైపు తొక్కితే చుక్కాని రెండో వైపు తిరగొచ్చు. 1999లో ఆ నివేదిక వచ్చాక, 2001లో పాత కొలరాడో ప్రమాదానికి కూడా కారణాన్ని తిరగరాశారు.

ఇంత నేర్చుకున్నా 737 మ్యాక్స్ విషయంలో కథ అడ్డం తిరిగింది. 2018 అక్టోబర్ 29న లయన్ ఎయిర్ విమానం ఇండోనేషియాలో కూలి 189 మంది చనిపోయారు. ఒకే సెన్సర్ తప్పు రీడింగ్‌ను నమ్మి, ముక్కును పదే పదే కిందికి తోసే సాఫ్ట్‌వేర్ మీద అనుమానం వారాల్లోనే తేలింది. పైలట్లకు సూచనలు పంపి, విమానాల్ని ఎగరనిచ్చారు. 2019 మార్చి 10న ఇథియోపియాలో రెండోది కూలి మరో 157 మంది పోయారు. ఈసారి దర్యాప్తు మరీ ఆలస్యం కాలేదు. తెలిసిన దాని మీద నిర్ణయం తీసుకోవాల్సినవాళ్లు సరిగ్గా తీసుకోలేదు.

రికార్డర్ల విషయంలో కూడా అన్నీ పరిష్కారం కాలేదు. ఒకప్పుడు కాక్‌పిట్ మాటలు 30 నిమిషాలే ఉండేవి, తర్వాత రెండు గంటలు, ఇప్పుడు కొత్త పెద్ద విమానాలకు 25 గంటలు. కానీ కరెంటు పోతే ఎన్ని గంటల రికార్డర్ అయినా ఒకటే. 1998లో మంటలు అంటుకున్న స్విస్ ఎయిర్ 111లో రికార్డర్లు సముద్రంలో పడటానికి ఆరు నిమిషాల ముందే ఆగిపోయాయి. 2024 డిసెంబర్ 29న దక్షిణ కొరియాలోని మువాన్‌లో జెజు ఎయిర్ విమానం చక్రాలు దించకుండా రన్‌వే మీద జారి గట్టును ఢీకొని 179 మంది చనిపోయారు. దాని రెండు రికార్డర్లలోనూ చివరి నాలుగు నిమిషాలు లేవు. రెండు ఇంజిన్లలోనూ దొరికిన ఈకలు, రక్తం బైకాల్ టీల్ అనే వలస బాతులవని డీఎన్ఏ పరీక్షలో తేలింది. పక్షులు తగిలాయన్నది ఖాయం. తగిలాక పైలట్లు ఒకరితో ఒకరు ఏమనుకున్నారు, ఏ మీటలు లాగారు అన్నవి మాత్రం ఇంజిన్ భాగాల నుంచి, రాడార్ జాడ నుంచి, సీసీ కెమెరాల దృశ్యాల నుంచి కూడదీసుకోవాల్సిందే.