ఎక్స్‌గ్రేషియాలో దయ ఎవరిది?

రైలు పట్టాలు తప్పినా, బాణసంచా తయారీ కేంద్రం పేలినా, పడవ మునిగినా మర్నాటి పత్రికలో ఒక వాక్యం తప్పకుండా కనిపిస్తుంది: ‘మృతుల కుటుంబాలకు ప్రభుత్వం ఎక్స్‌గ్రేషియా ప్రకటించింది’. చదివేవాళ్లలో చాలామంది దాన్ని నష్టపరిహారానికి మరో పేరనుకుంటారు. రాసేవాళ్లం కూడా ఒక పేరాలో పరిహారమనీ, కింది పేరాలో ఎక్స్‌గ్రేషియా అనీ మార్చి మార్చి వాడేస్తుంటాం. కానీ రెండూ ఒకటి కావు. పరిహారం బాధ్యుడు చెల్లించి తీరాల్సిన సొమ్ము, బాధితులు నిలబడి అడగదగ్గ సొమ్ము. ఎక్స్‌గ్రేషియా అనేది లాటిన్ మాట. ‘ఎక్స్’ అంటే ‘నుంచి’. ‘గ్రాతియా’ అంటే దయ, అనుగ్రహం. మేం ఇవ్వాల్సిన పని లేదు, దయతలచి ఇస్తున్నాం అనే అర్థం ఆ మాట పుట్టుకలోనే ఉంది. పరీక్షలో కలిపే గ్రేస్ మార్కులు, రిటైరైనప్పుడు చేతికొచ్చే గ్రాట్యుటీ కూడా ఆ ఇంటి మాటలే.

రోమన్ల భాష మన పత్రికల్లోకి ఎలా వచ్చి చేరింది? ఇంగ్లండ్ కోర్టుల మీదుగా వచ్చింది. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలుచుకున్నాక దొరల మాట ఫ్రెంచి అయింది, దస్త్రాల మాట లాటిన్ అయింది. తన మీద నడుస్తున్న కేసులో ఏం జరుగుతోందో సామాన్యుడికి చెవిన పడినా బోధపడేది కాదు. వాదనలు ఇంగ్లీషులో జరగాలని 1362లో చట్టం చేశారు. అయితే రికార్డు మాత్రం లాటిన్‌లోనే ఉండాలని అందులోనే రాశారు. ఆ రికార్డులు కూడా ఇంగ్లీషులోకి మారేసరికి 1733 వచ్చింది. తీరా మార్చాక కొన్ని మాటలు ఇంగ్లీషులో ఇమడలేదు. అలాంటి వృత్తి పదాలను పాత రూపంలోనే వాడుకోవచ్చని వెంటనే సడలింపు ఇచ్చారు. ఆ సడలింపు నీడన మిగిలిన మాటలే ఓడలెక్కి మద్రాసు, కలకత్తాలకు వచ్చాయి.

పై కోర్టులు జారీచేసే ఆజ్ఞలను రిట్లంటారు. వాటికి పేర్లు పెట్టిన తీరు మనకు కొత్తేమీ కాదు. కీర్తనను పల్లవిలోని తొలి మాటలతో పిలుచుకుంటాం కదా, రిట్లనూ ఆజ్ఞాపత్రంలో కొట్టొచ్చినట్టు కనిపించే మాటతోనే పిలిచారు. ‘హెబియస్ కార్పస్’ అంటే ‘ఆ మనిషి శరీరం నీ వెంట ఉండాలి’ అని. బంధించినవాణ్ని సశరీరంగా కోర్టు ముందుకు తీసుకొచ్చి, ఎందుకు పట్టుకున్నావో చెప్పమనే ఆజ్ఞ అది. ‘మాండమస్’ అంటే ‘ఆజ్ఞాపిస్తున్నాం’. ‘కో వారంటో’ అంటే ‘ఏ అధికారంతో?’. పదవిలో కూర్చున్నవాణ్ని నిలబెట్టి అడిగే ప్రశ్న మొత్తం ఆ పేరులోనే ఉంది. సభ్యులు చాలక సమావేశం వాయిదా పడిందని రాసేటప్పుడు వాడే ‘కోరం’ కూడా ఇలాంటిదే. ఇంగ్లండులో న్యాయాధికారులను నియమించే పత్రంలో ‘వీరిలో మీరొకరు ఉండి తీరాలి’ అనే వాక్యం ఉండేది. అందులోంచి ‘వీరిలో’ అన్న ముక్క ఒక్కటే మనదాకా వచ్చింది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అఫిడవిట్. కోర్టు గేటు బయట చెట్టు కింద బల్ల, దాని మీద టైపు మిషన్, పక్కన స్టాంపు పేపర్లు, నోటరీ ముద్ర. ఆ బల్ల ముందు నిలబడి మనం కాగితం పేరనుకునే ఈ మాట నిజానికి క్రియాపదం. ‘అతను ప్రమాణం చేసి చెప్పాడు’ అనే వాక్యమంతా ఆ ఒక్క మాటే. దాని వేరు ‘ఫిదెస్’, అంటే నమ్మకం. పిల్లల చదువుకు, స్థానికతకు స్కూల్లో అడిగి తెచ్చుకునే బోనఫైడ్ సర్టిఫికెట్‌లోనూ ఉన్నది అదే ఫిదెస్. ‘మంచి నమ్మకంతో’ అని ఆ మాటకు అర్థం.

తెలుగువాడి కోర్టు భాషలో రెండు పొరలున్నాయి. వకాల్తా, జామీను, ముద్దాయి, ఫిర్యాదు, హాజరు వంటివి ఫార్సీ, ఉర్దూల దారిన వచ్చినవి. ఇవి ఊళ్లో అందరి నోటా నలిగాయి. లాటిన్ మాటలు మాత్రం చాలాకాలం పై కోర్టు దాటి కిందికి రాలేదు. కారణం భాష ఒక్కటే కాదు, అధికారం పరిధి కూడా. పర్లాకిమిడి జమీందారీ రైతులు శిస్తు పెంపును కొట్టేయించాలని ‘సర్షియోరరి’ రిట్ కోసం మద్రాసు హైకోర్టుకు వెళ్లారు. కేసు అప్పట్లో చివరి అప్పీలు వినే లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా నడిచింది. మద్రాసు నగరానికి బయట ఉన్న గంజాం జిల్లా రైతుల వివాదంలో ఆ రిట్ ఇచ్చే అధికారం హైకోర్టుకు లేదని 1943లో తీర్పు వచ్చింది. 1950 జనవరి 26 నుంచి రాజ్యాంగంలోని 32, 226 అధికరణలు ఆ గోడను పడగొట్టాయి. ఆ అధికరణల్లోని అయిదు రిట్లలో ‘ప్రొహిబిషన్’ తప్ప మిగతా నాలుగింటి పేర్లూ లాటిన్ రూపాలతోనే ఉన్నాయి. ఆ తర్వాతే మారుమూల పల్లెలో కొడుకు ఆచూకీ తెలియని తల్లి కూడా ‘హెబియస్ కార్పస్ వేశాం’ అనగలిగింది. ఆ మాట పలకడం కష్టమే గానీ, దాని వెనక ఏముందో ఆ తల్లికి ఎవరూ విడమరిచి చెప్పాల్సిన పనిలేదు.

ఇక మళ్లీ గ్రాతియా దగ్గరికి వద్దాం. గ్రాట్యుటీ కూడా ఒకప్పుడు యజమాని సంతోషించి ఇచ్చే బహుమానమే. 1972 నాటి చట్టం దాన్ని అయిదేళ్లు పనిచేసినవాడి హక్కుగా మార్చింది. ఏడాది సర్వీసుకు 15 రోజుల జీతం చొప్పున లెక్క కట్టింది. పేరులో దయ అలాగే ఉండిపోయింది, విషయం మాత్రం హక్కయింది.

ప్రభుత్వం వల్ల నష్టపోయినవాళ్ల విషయంలో ఆ మార్పుకు చాలాకాలం పట్టింది. 1977 మే నెలలో కర్నూలు జిల్లా కోయిలకుంట్ల సబ్‌జైలు మీద బాంబుదాడి జరిగింది. లోపలున్న తండ్రి చనిపోయాడు, కొడుకు గాయపడ్డాడు. ప్రాణభయం ఉందని ముందే చెప్పినా సరైన కాపలా పెట్టలేదంటూ కొడుకు పరిహారానికి దావా వేశాడు. జైలు నడపడం సార్వభౌమాధికారంలో భాగమని, అందులో జరిగినదానికి పరిహారం అడగడం కుదరదని ప్రభుత్వం వాదించింది. హైకోర్టు ఆ వాదనను ఒప్పుకోకుండా 1,44,000 రూపాయలు ఇవ్వాలంది. 2000లో సుప్రీంకోర్టు ఆ తీర్పునే ఖాయం చేసింది. చల్లా రామకృష్ణారెడ్డి కేసుగా న్యాయవాదులు ఇప్పటికీ ఉదహరించేది దీన్నే. సర్కారు తలచుకుంటే ఇస్తుంది, లేకపోతే లేదు అన్న పాత ఆలోచనను అందులో న్యాయస్థానాలు సూటిగా తోసిపుచ్చాయి.

ఆ తర్వాత కరోనా వచ్చింది. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం 12వ సెక్షన్‌లో ప్రాణనష్టానికి ఎక్స్‌గ్రేషియా సాయం ప్రస్తావన ఉంది. అది ఇవ్వడం, మానడం మా ఇష్టమని కేంద్రం అంటే, అక్కడ చట్టం వాడిన క్రియ ‘ఇవ్వాలి’ అనే అర్థంలో ఉందని, అందువల్ల తప్పించుకోవడానికి లేదని 2021 జూన్ 30న సుప్రీంకోర్టు తేల్చింది. మొత్తం ఎంతో ప్రభుత్వమే నిర్ణయించుకోవచ్చంది. చివరికి ఒక్కో మరణానికి 50 వేల రూపాయలు ఖరారయ్యాయి. మన రెండు రాష్ట్రాల్లోనూ మరణ ధ్రువపత్రం జతచేసి, బ్యాంకు ఖాతా నంబరు రాసి, కుటుంబాలు దరఖాస్తు పెట్టుకున్నాయి. కోర్టు హక్కని చెప్పిన ఆ సాయానికి పేరు అప్పటికీ ఎక్స్‌గ్రేషియానే.