టైరుకిచ్చే చేబదులు

నల్గొండ నుంచి సాగర్ వైపు ఆదివారాలు సైకిల్ తొక్కే ఒక పాఠకుడు అడిగారు: "రోడ్ బైకు సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. 23 మిల్లీమీటర్ల టైర్లు ఉన్నాయి. టైరు ఎంత గట్టిగా ఉంటే అంత స్పీడు, 110 పీఎస్‌ఐ (గాలి పీడనం కొలత) కొట్టు అంటున్నారు పాత రైడర్లు. కుర్రాళ్లేమో 28కి మారు, ట్యూబ్‌లెస్ వేసుకో అంటున్నారు. ఎవరి మాట వినాలి?"

కుర్రాళ్ల మాట వినండి. ఎందుకు వినాలో చెప్పాలంటే మాత్రం కాస్త వివరంగా మాట్లాడుకోవాలి.

జారే వస్తువు కన్నా దొర్లే వస్తువుకు ఘర్షణ తక్కువని స్కూల్లో చెప్పి, దానికో మార్కు వేసి వదిలేస్తారు. ఆ మిగిలిన కాస్త ఘర్షణ ఎక్కడ పుడుతుందో చెప్పే పాఠం నాకైతే కనబడలేదు. టైరు విషయంలో అది చాలావరకు రబ్బరు లోపలే పుడుతుంది. చక్రం తిరుగుతున్నప్పుడు టైరులో ప్రతి ముక్కా నేలను తాకగానే అణుగుతుంది, దాటగానే మళ్లీ లేస్తుంది. అణచడానికి మీ కాలి బలం ఖర్చవుతుంది. లేచేటప్పుడు రబ్బరు ఆ బలాన్ని చక్రానికి తిరిగిస్తుంది, కానీ పూర్తిగా ఇవ్వదు. చేబదులు తీసుకుని రూపాయికి తొంభై పైసలే తిరిగిచ్చే మనిషి లాంటిది రబ్బరు. మిగిలిన పది పైసలు వేడిగా మారిపోతాయి. దీని పేరు హిస్టరిసిస్. గంటకు 30 కిలోమీటర్ల వేగంలో సైకిల్ చక్రం సెకనుకు దాదాపు నాలుగు చుట్లు తిరుగుతుంది. ప్రతి చుట్టులోనూ టైరు అంచు మొత్తం ఈ అప్పు తీసుకుంటుంది, మొత్తమ్మీద కోత పెట్టి తీరుస్తుంది.

ఇక్కడ రెండు విషయాలు చూడాలి: ఎంత ఇస్తున్నాం, అందులో ఎంత కోత పడుతోంది. గాలి తక్కువైతే టైరు ఎక్కువ అణుగుతుంది, అంటే పెద్ద అప్పు. రబ్బరు మందమైతే, దాని కింద పంక్చర్ రాకుండా పట్టీ ఉంటే, కోత ఎక్కువ. సన్నటి దారాలతో పలుచగా నేసిన టైరు నమ్మకస్తుడు. లోపలి ట్యూబు కూడా ఈ లావాదేవీలో ఉంది. మామూలు బ్యూటైల్ ట్యూబు తన వాటా తాను మింగుతుంది. లేటెక్స్ ట్యూబు దాదాపు అంతా తిరిగిచ్చేస్తుంది, కాకపోతే రాత్రికి రాత్రి గాలి వదిలేస్తుంది కాబట్టి రోజూ పంపు పట్టాలి. ట్యూబ్‌లెస్‌లో ఆ మధ్యవర్తే ఉండడు.

లెక్క వేద్దాం. మీరూ సైకిలూ కలిపి 80 కిలోలు. బరువులో ఎంత భాగం దొర్లే ఘర్షణగా మారుతుందో చెప్పే అంకెను దొర్లుడు గుణకం అందాం. మంచి టైరుకు అది 0.004 దగ్గర ఉంటుంది, మొద్దు టైరుకు 0.007 దాకా పోతుంది. 30 కిలోమీటర్ల వేగంలో మొదటిదానికి 26 వాట్లు, రెండోదానికి 46 వాట్లు ఖర్చు. ఆ వేగంలో ఎదురుగాలి లేకపోయినా గాలిని చీల్చడానికే దాదాపు వంద వాట్లు కావాలి. అక్కడ పెద్దగా చేసేదేమీ లేదు, వంగి కూర్చోవడం తప్ప. 20 వాట్లు మాత్రం టైరు మార్చితే చేతికొస్తాయి.

మరి పాత రైడర్లు చెప్పిన 110? గాలి పెంచితే అప్పు తగ్గుతుంది కదా! నున్నటి స్టీలు డ్రమ్ము మీద పరీక్షిస్తే వాళ్ల మాటే నిజం. చాలా ఏళ్లు పరీక్షలన్నీ డ్రమ్ముల మీదే జరిగాయి, అందుకే ఆ నమ్మకం అంతగా పాతుకుపోయింది. కానీ దేవరకొండ వైపు లోపలి రోడ్లు డ్రమ్ములు కావు. తారు అరిగిపోయి కంకర తేలి ఉంటుంది. గట్టి టైరు ప్రతి కంకర రాయి దగ్గరా అణగకుండా ఎగురుతుంది. సైకిలు, మీ చేతులు, నడుము, తొడలు అన్నీ కాస్త పైకి లేచి పడతాయి. అంటే టైరుకు ఇవ్వకుండా మిగిల్చిన అప్పును ఇప్పుడు మీ ఒంటికి ఇస్తున్నారు. రబ్బరు కనీసం తొంభై పైసలు తిరిగిచ్చేది. కండ, కొవ్వు పైసా తిరిగివ్వవు. అదురును మొత్తం వేడిగా మార్చేస్తాయి. చేతులకు తిమ్మిరెక్కుతోందంటే కాలి బలం అటు పోతోందని అర్థం.

కాబట్టి ప్రతి రోడ్డుకూ ఒక హద్దు ఉంటుంది. అక్కడిదాకా గాలి పెంచితే లాభం, దాటితే నష్టం. దాటాక నష్టం చాలా నిటారుగా పెరుగుతుంది. ఐదు పీఎస్‌ఐ తక్కువైతే ఒకటో రెండో వాట్లు పోతాయి, హద్దు దాటి ఐదు ఎక్కువైతే అంతకు ఎన్నో రెట్లు పోవచ్చు. చౌటుప్పల్, నార్కట్‌పల్లి మీదుగా పోయే హైవే మీద ఆ హద్దు ఎత్తులో ఉంటుంది, పల్లె రోడ్డు మీద బాగా కిందికి దిగుతుంది. సందేహం ఉంటే తక్కువ వైపే ఉండండి.

వెడల్పు సంగతి ఇక్కడే వస్తుంది. వెనక చక్రం మీద 45 కిలోలు పడుతున్నాయనుకుందాం. 80 పీఎస్‌ఐ అంటే చదరపు సెంటీమీటరుకు దాదాపు 5.6 కిలోలు. ఆ బరువు మోయడానికి నేలను తాకే చోటు దగ్గర దగ్గర 8 చదరపు సెంటీమీటర్లు ఉండాలి. టైరు 23 అయినా 28 అయినా అంతే. తేడా ఆకారంలో ఉంది. సన్న టైరులో ఆ చోటు పొడవుగా సాగుతుంది, వెడల్పు టైరులో పొట్టిగా ఉంటుంది. పొట్టిగా ఉంటే టైరు లోతుగా అణగదు. ఒకే గాలి దగ్గర వెడల్పు టైరే తక్కువ అప్పు అడుగుతుంది.

పైగా టైరు గోడలో బిగువు గాలి పీడనాన్నీ టైరు వ్యాసార్థాన్నీ గుణిస్తే వస్తుంది. 23లో 100 కొడితే ఎంత బిగువో 28లో 82 దగ్గరే అంత బిగువు. వేలితో నొక్కి చూసి "గాలి సరిపోయింది" అనేవాళ్లు కొలిచేది ఈ బిగువునే, పీడనాన్ని కాదు. అందుకే అంచు కొక్కెం లేని కొత్త రిమ్ములకు 5 బార్లు, అంటే 72 పీఎస్‌ఐ, దాటొద్దని ప్రమాణం పెట్టారు. టైరును పట్టుకునే కొక్కెం లేనప్పుడు బిగువు మితిమీరితే టైరు ఊడి వస్తుంది.

ఇక రకాలు. ట్యూబ్యులర్ అంటే ట్యూబును లోపల పెట్టి కుట్టేసి రిమ్ముకు జిగురుతో అంటించే టైరు. తేలికే, కానీ దారిలో పంక్చరైతే విప్పి కుట్టలేం. జిగురు సరిగా పట్టకపోతే ఇంకా ప్రమాదం. 2003 టూర్ డి ఫ్రాన్స్‌లో ఎండకు కరిగిన తారు మీద స్పెయిన్ రైడర్ హోసెబా బెలోకి వెనక చక్రం జారి, టైరు రిమ్ము నుంచి ఊడి, తొడ ఎముక విరగ్గొట్టుకున్నాడు. మే నెలలో మన తారు ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. ట్యూబ్యులర్‌ను మర్చిపోండి. విప్పి మార్చుకునే టైరు గొప్పతనం 1891లోనే తేలిపోయింది. ఆ ఏడాది పారిస్ నుంచి బ్రెస్ట్‌కు వెళ్లి తిరిగొచ్చే పోటీని షార్ల్ తెరోఁ మిషెలిన్ వారి విప్పే టైర్లతోనే గెలిచాడు.

కొత్త బండి చక్రం కింద నిమ్మకాయ పెట్టి తొక్కించడం మన ఆచారం, దానితో నాకు పేచీ లేదు. పేచీ అంతా "గీతలున్న టైరే వానలో పట్టు ఇస్తుంది" అన్న నమ్మకంతో. గీతల పని నీటిని పక్కకు తోసి టైరు నీటి మీద తేలకుండా చూడటం. విమాన చక్రాల కోసం నాసా తేల్చిన సూత్రం ఒకటుంది: టైరు నీటి మీద తేలాలంటే కావలసిన వేగం, నాట్లలో, పీఎస్‌ఐ వర్గమూలానికి 9 రెట్లు. 64 పీఎస్‌ఐకి 72 నాట్లు, అంటే గంటకు 133 కిలోమీటర్లు! ఏ సైకిలూ ఆ వేగంతో వానలో పోదు. రోడ్ టైరుకు గీతలు అలంకారం. వానలో పట్టు రబ్బరు మెత్తదనం నుంచి వస్తుంది. కల్లాలు దొరకక రోడ్డు మీద ఆరబోసిన వడ్లు మాత్రం ఏ టైరుకూ లొంగవు, దిగి నడవండి.

మన ప్రాంతంలో ట్యూబ్‌లెస్‌కు అసలు కారణం వాట్లు కాదు, పల్లేరు కాయలు. అమెరికా పశ్చిమ రాష్ట్రాల సైక్లిస్టులు తిట్టుకునే ముల్లు కూడా ఈ పల్లేరే. తుమ్మ ముల్లు దీనికి తోడు. టైరులో పోసిన సీలెంటు గాలితోపాటు కన్నంలోకి తోసుకొచ్చి అక్కడే గడ్డకట్టి మూసేస్తుంది. అదే సీలెంటు ఎండాకాలం త్వరగా ఎండిపోతుంది, రెండు నెలలకోసారి తీసి చూసి పోయాలి.

మీ బరువు 70 కిలోల దగ్గరైతే 28 మిల్లీమీటర్ల టైరులో వెనక 70, ముందు 65తో మొదలుపెట్టండి. చేతులు అదిరితే మూడేసి తగ్గించండి, గుంతలో రిమ్ము నేలకు తగిలితే కాస్త పెంచండి. తెల్లవారుజామున కొలిచినదాన్ని మధ్యాహ్నం ఎండలో నిలిపి మళ్లీ కొలవకండి. 25 డిగ్రీల దగ్గర 70 ఉన్నది, టైరు 60 డిగ్రీలకు వేడెక్కితే 80 దాకా చూపిస్తుంది. పాత ఫ్రేములో 28 పడుతుందో లేదో ముందు చూసుకోండి, పట్టకపోతే 25.

ట్యూబ్‌లెస్ వేసినా జేబులో ఒక ట్యూబు, చిన్న పంపు, సన్న వాల్వుకు పట్టే ఇత్తడి అడాప్టరు ఉంచుకోండి. దారిలో పంక్చర్ షాపుల్లో కంప్రెసర్ ఉంటుంది గానీ, దాని నాజిల్ మీ వాల్వుకు పట్టదు.