నామినేషన్ అంటే ఒక ఉత్తరం

చిన్నూ, అమ్మలూ,

మొన్న ఫోన్లో అడిగారు కదా, "తాతయ్యా, వార్తల్లో ఒక నాయకుడి పేరు నోబెల్ శాంతి బహుమతికి నామినేట్ అయిందట, అంటే చాలా గొప్పవాడే కదా?" అని. అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను.

నామినేషన్ అంటే "ఈయన పేరు చూడండి" అని నార్వేలోని నోబెల్ కమిటీకి రాసే ఉత్తరం. ఏ దేశపు ఎంపీ అయినా, మంత్రి అయినా, చరిత్రో న్యాయశాస్త్రమో చెప్పే యూనివర్సిటీ ప్రొఫెసరైనా రాయొచ్చు. ఎవరి పేరు వాళ్లు పంపుకోకూడదు. కమిటీ ఆ పేర్లను 50 ఏళ్ల దాకా బయటపెట్టదు. ముందే వార్తల్లోకి వచ్చిందంటే చాలాసార్లు పంపినవాళ్లే చెప్పి ఉంటారు.

1939లో జరిగింది చెబుతాను. అంతకుముందు ఏడాది సెప్టెంబరులో బ్రిటన్ ప్రధాని నెవిల్ చాంబర్లిన్ మ్యూనిక్ వెళ్లి హిట్లర్‌తో ఒప్పందం చేసుకున్నాడు. చెకోస్లొవేకియాలోని సుడేటన్ ప్రాంతాన్ని జర్మనీకి ఇచ్చేశారు. నేల పోగొట్టుకునేవాళ్లను ఆ చర్చలకు పిలవనే లేదు! నాకు ఇప్పటికీ మింగుడుపడనిది అదే. అయినా చాంబర్లిన్ తిరిగొస్తే యుద్ధం తప్పిందని లండన్‌లో జనం జేజేలు కొట్టారు. వాళ్లను నేను తప్పుపట్టలేను. మొదటి ప్రపంచ యుద్ధంలో బిడ్డల్ని పోగొట్టుకున్నవాళ్లు ఎందరో అందులో ఉన్నారు.

జనవరిలో స్వీడన్ ఎంపీలు 12 మంది చాంబర్లిన్ పేరు పంపారు. అది చూసి ఎరిక్ బ్రాంట్ అనే మరో స్వీడన్ ఎంపీకి ఒళ్లు మండింది. నాజీలంటే అసలు గిట్టని మనిషి. శాంతిదూత హిట్లరేనని, బహుమతి ఆయనకే ఇవ్వాలని ఉత్తరం రాశాడు. అది ఎత్తిపొడుపు. జనం మాత్రం నిజమనుకున్నారు. పిచ్చివాడన్నారు, ద్రోహి అన్నారు. ఫిబ్రవరి 1న వెనక్కి తీసుకున్నాడు. హిట్లర్ పేరు మాత్రం నోబెల్ వాళ్ల పాత రికార్డుల్లో ఉండిపోయింది. అదే ఏడాది మన గాంధీగారి పేరు కూడా వెళ్లింది.

మార్చిలో జర్మన్ సైన్యం చెకోస్లొవేకియా రాజధాని ప్రాగ్‌లోకి దిగింది. సెప్టెంబరు 1న పోలండ్ మీద పడింది. ఆ ఏడాది శాంతి బహుమతి ఎవరికీ ఇవ్వలేదు.

ఈసారి మీకు అలాంటి వార్త కనిపిస్తే, ఆ నాయకుడు చేసిన ఒప్పందంలో ఎవరి ఊళ్లున్నాయో, వాళ్లను అడిగారో లేదో వెతికి నాకు రాయండి. సంక్రాంతికి వచ్చినప్పుడు సుడేటన్ ఎక్కడుందో చూపిస్తాను. నా పాత అట్లాస్ అటక మీదే ఉంది.

ఆశీస్సులతో,
తాతయ్య