గోల్ఫ్ బంతి ఎంత దూరం పోవాలి: నూట డెబ్బై అయిదేళ్ల తగువు

2023 డిసెంబర్ 6న గోల్ఫ్ నిబంధనలను నిర్ణయించే రెండు సంస్థలు, స్కాట్లండ్‌లోని సెంట్ ఆండ్రూస్ కేంద్రంగా పనిచేసే ఆర్ అండ్ ఏ, అమెరికాకు చెందిన యూఎస్‌జీఏ, బంతిని పరీక్షించే పద్ధతిని మారుస్తున్నట్టు ప్రకటించాయి. పోటీల్లో వాడే ప్రతి రకం బంతినీ ముందుగా ఒక యంత్రంతో కొట్టించి చూస్తారు. అది గాలిలో ఎగిరి, నేలమీద దొర్లి ఆగేసరికి 317 గజాలు, కొలతలో తేడాలకు వదిలిన మరో 3 గజాలు దాటకూడదన్నది 2004 నుంచి ఉన్న హద్దు. ఇన్నాళ్లూ ఆ యంత్రం క్లబ్బును, అంటే బంతిని కొట్టే కర్రను, గంటకు 120 మైళ్ల వేగంతో తిప్పేది. కొత్త పద్ధతిలో 125 మైళ్ల వేగంతో తిప్పుతుంది, హద్దు మాత్రం ఎక్కడున్నది అక్కడే ఉంటుంది. దానివల్ల ఇప్పుడు హద్దును ఆనుకుని ఉన్న బంతులన్నీ హద్దు దాటిపోతాయి కాబట్టి, తయారీదారులు కాస్త తక్కువ దూరం పోయే బంతులను చేయక తప్పదు. అందరికన్నా బలంగా కొట్టే పురుష ప్రొఫెషనల్స్‌కు 13 నుంచి 15 గజాలు, అమెరికాలోని ఎల్‌పీజీఏ టూర్‌లో ఆడే మహిళా ప్రొఫెషనల్స్‌కు 5 నుంచి 7 గజాలు, సరదాగా ఆడేవారికి 5 గజాలో అంతకన్నా తక్కువో తగ్గుతుందని ఆ సంస్థలు అంచనా వేశాయి.

బయటివారికి ఇది చిన్న సాంకేతిక సవరణలా కనిపించవచ్చు. గోల్ఫ్ ఆడేవారిలో మాత్రం ఇది తీవ్రమైన అభిప్రాయభేదాన్ని రేపింది. పేరున్న ప్రొఫెషనల్స్‌లో రోరీ మెకిల్‌రాయ్ ఈ మార్పును బాహాటంగా సమర్థించాడు. జస్టిన్ థామస్ అంతే గట్టిగా వ్యతిరేకించాడు. పాతతరం మేటి ఆటగాడు జాక్ నిక్లాస్ అయితే బంతి దూరాన్ని తగ్గించాలని దశాబ్దాలుగా కోరుతూనే ఉన్నాడు. ఇంత పట్టుదల ఎందుకో తెలియాలంటే బంతి చరిత్రలోకే వెళ్లాలి, ఎందుకంటే ఆట ఎలా ఆడాలన్న వాదం గోల్ఫ్‌లో తలెత్తిన ప్రతిసారీ దాని మూలం ఎక్కువగా బంతిలోనే ఉంది.

నేటికి లభిస్తున్న తొలి లిఖిత నిబంధనలు 1744లో ఎడిన్‌బరో పక్కనున్న లీత్ మైదానంలో ఆడే పెద్దమనుషులు రాసుకున్న 13 సూత్రాలు. టీ దగ్గర, అంటే మొదటి దెబ్బ కొట్టే చోట, కొట్టిన బంతిని ఆ హోల్ (గుంత) ముగిసేదాకా మార్చకూడదని వాటిలో ఉంది గానీ, ఆ బంతిని దేనితో చేయాలో, ఎంత పెద్దదిగా ఉండాలో, ఎంత బరువుండాలో ఒక్క మాట లేదు. ఆ అవసరం వారికి రాలేదు. అప్పటి బంతి తడిపిన తోలు సంచిలో ఉడకబెట్టిన బాతు ఈకలను కూరి కుట్టినది. ఆరేకొద్దీ తోలు బిగుసుకుని, లోపల ఈకలు ఉబ్బి, రాయిలా గట్టిపడేది. ఆరితేరిన పనివాడు కూడా రోజుకు మూడు నాలుగుకు మించి చేయలేకపోయేవాడు. వానలో తడిస్తే బరువెక్కేది, ఇనుప క్లబ్బు అంచు తగిలితే పగిలిపోయేది. ఖరీదు ఎక్కువ కావడంతో ఆట ఉన్నవారి చేతుల్లోనే ఎక్కువగా ఉండేది. కలకత్తాలో 1829లో స్థాపించిన క్లబ్బు బ్రిటన్, ఐర్లండ్ దీవుల వెలుపల అన్నిటికన్నా పాతది. దాని తొలి సభ్యులు ఆడే నాటికి కూడా వాడుకలో ఉన్నది ఈకల బంతే.

1840ల్లో మలయా అడవుల్లో ఒక చెట్టు పాలనుంచి వచ్చే గట్టా పెర్చా అనే పదార్థం బ్రిటన్‌కు చేరింది. సింగపూర్‌లోని ఈస్టిండియా కంపెనీ వైద్యుడు విలియం మాంట్‌గోమరీ 1843లో దాని నమూనాలను పంపాడు. సెంట్ ఆండ్రూస్‌లోని ఒక కుటుంబానికి తూర్పు దేశాలనుంచి విష్ణుమూర్తి విగ్రహం వచ్చిందనీ, అది విరగకుండా చుట్టూ పెట్టిన గట్టా పెర్చా ముక్కలతోనే మొదటి బంతిని చేశారనీ గోల్ఫ్ చరిత్రల్లో ఒక కథ ప్రచారంలో ఉంది. దానికి చారిత్రక ఆధారం బలహీనమే అయినా, తరచుగా వినిపించే కథ. కచ్చితంగా తెలిసినదేమిటంటే, 1848 ప్రాంతానికి ఈ బంతులు స్కాట్లండ్ మైదానాల్లోకి వచ్చేశాయి. వేడినీటిలో మెత్తబరిచి చేత్తో ఉండచేస్తే చాలు, బంతి తయారవుతుంది. దెబ్బతింటే మళ్లీ వేడిచేసి సరిచేసుకోవచ్చు. ధర ఈకల బంతి ధరలో కొంత భాగమే.

ఈ బంతితోనే మొదటి పెద్ద తగువు వచ్చింది. సెంట్ ఆండ్రూస్‌లో ఈకల బంతుల తయారీకి పేరున్న అలన్ రాబర్ట్‌సన్ ఆ కాలపు మేటి ఆటగాడు కూడా. అతని దగ్గర పనిచేసిన టామ్ మారిస్ గట్టా బంతితో ఆడుతూ కనబడ్డాడని ఇద్దరికీ చెడిందని చరిత్రకారులు చెబుతారు. మారిస్ 1851లో ప్రెస్ట్‌విక్‌కు వెళ్లిపోయాడు. 1860లో అక్కడే 8 మందితో తొలి ఓపెన్ చాంపియన్‌షిప్ జరిగింది. రాబర్ట్‌సన్‌ను తన వ్యాపారం కోసం కొత్తదాన్ని అడ్డుకున్న మనిషిగా చిత్రించడం పరిపాటి. అది సగం నిజం మాత్రమేనని నా అభిప్రాయం. ఈకల బంతిని నేర్పుగా ఆడడమంటే సులువుగా పగిలే ఆ బంతిని పొడవాటి, సన్నటి చెక్క క్లబ్బులతో ఊడ్చినట్టు కొట్టడం. ఇనుము దెబ్బకు తట్టుకునే బంతి రాగానే ఇనుప క్లబ్బుల వాడకం పెరిగింది, కొట్టే తీరే మారిపోయింది. ఒక తరం సాధించుకున్న విద్య అక్కరకు రాకుండా పోతుంటే బాధపడడం స్వార్థమొక్కటే కాదు. అయితే అదే బంతి వల్ల చేతివృత్తులవారూ మామూలు ఉద్యోగులూ ఆటలోకి రాగలిగారు. ఆట విస్తరించడం, పాత నైపుణ్యం పోవడం ఒకే కారణంనుంచి పుట్టాయి. ఆ ముడి ఆ తర్వాత ఎప్పుడూ విడిపోలేదు.

నున్నటి గట్టా బంతి గాలిలో త్వరగా కిందికి దిగిపోయేది, వాడి వాడి గాట్లు పడ్డాక నిలకడగా ఎగిరేది. దాంతో తయారీదారులే సుత్తితో గాట్లు పెట్టడం మొదలుపెట్టారు. నేటి బంతిమీద కనిపించే గుంటలకు మూలం అదే. వాటికి ఇంగ్లండ్‌కు చెందిన విలియం టేలర్ 20వ శతాబ్దపు మొదటి దశాబ్దంలో పేటెంటు తీసుకున్నాడు.

రెండో తగువు అమెరికా నుంచి వచ్చింది. ఒహాయోలోని క్లీవ్‌లండ్‌కు చెందిన కోబర్న్ హాస్కెల్, గుడ్‌రిచ్ రబ్బరు కంపెనీలోని బెర్ట్రమ్ వర్క్‌తో కలిసి, గట్టిగా సాగదీసిన రబ్బరు దారాన్ని ఉండగా చుట్టి పైన గట్టా తొడుగు వేసిన బంతికి 1899లో పేటెంటు పొందాడు. అది సరిగ్గా తగలకపోయినా చాలా దూరం పోయేది. అందుకే అనుభవజ్ఞులు దాన్ని తక్కువగా చూశారు. తప్పు కొట్టినవాడికి శిక్ష పడకపోతే ఒప్పు కొట్టినవాడికి లాభమేమిటన్నది వారి ప్రశ్న. 1902లో హొయ్‌లేక్‌లో జరిగిన ఓపెన్‌లో శాండీ హెర్డ్ ఆ బంతితో ఆడి, హ్యారీ వార్డన్, జేమ్స్ బ్రెయిడ్‌లకన్నా ఒకే ఒక్క స్ట్రోక్ (దెబ్బ) తక్కువతో గెలిచాడు. ఆ తర్వాత వాదన అనవసరమైంది. కొద్ది ఏళ్లలోనే గట్టా బంతి మాయమైంది, కోర్సుల (గోల్ఫ్ మైదానాల) టీలు వెనక్కి జరగడం మొదలైంది. వ్యతిరేకించినవారు చెప్పినదాంట్లో నిజముంది. అయినా నిబంధనలు చేసేవారు అప్పుడు ఏమీ చేయలేదు.

చేయడం 1921లో మొదలైంది. బంతి వ్యాసం 1.62 అంగుళాలకు తగ్గకూడదు, బరువు 1.62 ఔన్సులు మించకూడదు అని రెండు సంస్థలూ ఒప్పుకున్నాయి. గోల్ఫ్ బంతికి కొలత పెట్టడం అదే తొలిసారి. ఆ ఏకాభిప్రాయం పదేళ్లకు మించి నిలవలేదు. 1931లో యూఎస్‌జీఏ వ్యాసాన్ని 1.68 అంగుళాలకు పెంచి, బరువును 1.55 ఔన్సులకు తగ్గించింది. ఆ తేలిక బంతి గాలికి అటూ ఇటూ కొట్టుకుపోవడంతో ఆటగాళ్లు మండిపడ్డారు. మరుసటి ఏడే పెద్ద వ్యాసాన్ని ఉంచి పాత బరువుకు వెనక్కి రావలసి వచ్చింది. ఆర్ అండ్ ఏ మాత్రం చిన్న బంతినే కొనసాగించింది. సముద్రపు గాలిలో ఆ బంతి నిలకడగా, దూరంగా పోయేది. ఫలితంగా ప్రపంచం నలభై ఏళ్లకు పైగా రెండు కొలతల బంతులతో ఆడింది. 1974లో ఓపెన్ చాంపియన్‌షిప్ పెద్ద బంతిని తప్పనిసరి చేసింది. చిన్న బంతి నిబంధనల్లోనుంచి పూర్తిగా పోయింది 1990లో. ఒకే ఆట, ఒకే నిబంధన అనే మాటను అనాది సంప్రదాయంగా నేడు చెప్పేవారు ఈ కాలాన్ని గుర్తుంచుకోవాలి. చాంపియన్ ఏ కొలత బంతితో ఆడతాడో మామూలు సభ్యుడూ అదే కొలత బంతితో ఆడాలన్న నియమం ప్రపంచవ్యాప్తంగా అమలైనది నిజానికి 1990 తర్వాతే.

ఇదంతా పరిమాణానికి సంబంధించిన వివాదం. దూరానికి నేరుగా హద్దు పెట్టాలన్న ఆలోచన యూఎస్‌జీఏకు వచ్చింది 1976లో. చెక్క తల ఉన్న డ్రైవర్‌తో, అంటే అన్నిటికన్నా దూరం కొట్టే క్లబ్బుతో, యంత్రం గంటకు 109 మైళ్ల వేగంతో కొట్టినప్పుడు బంతి 280 గజాలు, దానిపై అనుమతించిన కొంత తేడా దాటకూడదని నిర్ణయించారు. అది ఆనాటి మేటి ఆటగాళ్ల వేగానికి సరిపోయే పరీక్ష. కానీ ఆ తర్వాత డ్రైవర్ తలలు ఉక్కు, టైటానియం లోహాలకు మారాయి, ఆటగాళ్లు వ్యాయామంతో బలపడ్డారు, బంతిని ఏ కోణంలో, ఎంత తిరుగుడుతో లేపితే ఎక్కువ దూరం పోతుందో కొలిచే పరికరాలు వచ్చాయి. 2000 అక్టోబర్‌లో టైటిలిస్ట్ బ్రాండ్ తన ప్రో వీ1 బంతిని అమెరికాలో పురుష ప్రొఫెషనల్స్ ఆడే పీజీఏ టూర్‌కు తెచ్చింది. రబ్బరు దారం స్థానంలో గట్టి ముద్దలాంటి నడిభాగం, పైన యురేథేన్ అనే ప్లాస్టిక్ పొర ఉన్న ఆ బంతి డ్రైవర్‌తో కొట్టినప్పుడు తక్కువగా, చిన్న క్లబ్బులతో కొట్టినప్పుడు ఎక్కువగా తిరిగేది. అంతకుముందు దూరం కావాలంటే నియంత్రణ వదులుకోవాలి. ఇప్పుడు రెండూ ఒకే బంతిలో దొరికాయి. రబ్బరు దారం బంతి కొన్నేళ్లలోనే ప్రొఫెషనల్ ఆటలోనుంచి పోయింది. 1980లో పీజీఏ టూర్‌లో సగటు డ్రైవ్ దూరం దాదాపు 257 గజాలు. ఇప్పుడది 300 గజాలకు కాస్త అటూ ఇటూగా ఉంది.

2004లో పరీక్షను ఆధునికం చేసినప్పుడు, టైటానియం డ్రైవర్, 120 మైళ్ల వేగం తీసుకుని 317 గజాల హద్దు పెట్టారు. ఈ చరిత్ర మొత్తంలో నాకు అన్నిటికన్నా పెద్ద పొరపాటుగా కనిపించేది ఇదే. అప్పటికే మార్కెట్లో ఉన్న బంతులు ఎంత దూరం పోతున్నాయో దాదాపు అక్కడే గీత గీశారు. అంటే జరిగిపోయినదానికి ఆమోదముద్ర వేశారు. ఆరోజే కొంచెం వెనక్కి గీసి ఉంటే ఇప్పటి తగువు ఇంత ముదిరేది కాదు.

ఈ దూరానికి మూల్యం చెల్లించింది నేల. క్రికెట్ బ్యాట్లు మరీ మందమైనప్పుడు 2017లో వాటి అంచుకు 40 మిల్లీమీటర్ల పరిమితి పెట్టారు, ఎందుకంటే మైదానాన్ని అంతకన్నా పెద్దది చేయడం సాధ్యం కాదు. గోల్ఫ్‌లో మాత్రం కోర్సును సాగదీయడమే సులువైన మార్గమని అందరూ అనుకున్నారు. 1997లో టైగర్ వుడ్స్ 12 స్ట్రోకుల తేడాతో మాస్టర్స్ పోటీ గెలిచినప్పుడు, అది జరిగే అమెరికాలోని అగస్టా నేషనల్ కోర్సు పొడవు 6,925 గజాలు, ఇప్పుడది 7,500 గజాలు దాటింది. అక్కడి 13వ హోల్‌ను పొడిగించడానికి క్లబ్బు పక్కనున్న మరో క్లబ్బు స్థలాన్ని కొని, 2023లో టీని 35 గజాలు వెనక్కి జరిపి 545 గజాలు చేసింది. సెంట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్సులోని ప్రసిద్ధ 17వ హోల్‌కు 2010 ఓపెన్ కోసం 40 గజాలు కలిపి 495 చేశారు. అగస్టాకు ధనముంది, స్థలం దొరికింది. నగరం నడుమ చిక్కుకున్న కోర్సుకు ఆ అవకాశం ఎక్కడిది? హైదరాబాద్‌లో గోల్కొండ కోటను ఆనుకుని నయా ఖిల్లాలో ఉన్న కోర్సునే చూడండి, చుట్టూ కోట గోడలు, ఇళ్లు, వారసత్వ కట్టడాల రక్షణకు సంబంధించిన అభ్యంతరాలు. అక్కడ టీని వెనక్కి జరపడమనేది గోల్ఫ్ క్లబ్బు ఒక్కటే తేల్చుకోగల విషయం కాదు. పొడవు పెరిగిన ప్రతి గజానికీ నీరు, ఎరువు, కోసే గడ్డి, నడిచే సమయం కూడా పెరుగుతాయి. 2020 ఫిబ్రవరిలో రెండు సంస్థలూ కలిసి విడుదల చేసిన దూర అధ్యయన నివేదిక, ఆటగాళ్ల దూరం పెరగడం, దానికోసం కోర్సులు పొడవవడం అనే చక్రం ఆగాలని తేల్చింది కూడా ముఖ్యంగా ఇందుకే.

పరికరాల విషయంలో నిషేధాలు విధించడం ఈ సంస్థలకు కొత్తేమీ కాదు. 1904లో వాల్టర్ ట్రావిస్ తల మధ్యలో కర్ర బిగించిన పటర్‌తో (బంతిని గుంతలోకి దొర్లించే క్లబ్బుతో) బ్రిటిష్ అమెచ్యూర్ పోటీ గెలిచాక, 1910లో ఆర్ అండ్ ఏ అలాంటి పటర్లను నిషేధించింది. యూఎస్‌జీఏ ఆ దారిన వెళ్లలేదు. 1952లో ఉమ్మడి నిబంధనలు వచ్చేదాకా ఆ తేడా కొనసాగింది. పొడవాటి పటర్‌ను ఒంటికి ఆనించి కొట్టడాన్ని 2016 జనవరి 1 నుంచి నిషేధించినప్పుడు పీజీఏ టూర్ మొదట వ్యతిరేకించి, చివరికి ఒప్పుకుంది. కానీ పటర్ కొద్దిమంది సమస్య. బంతి ప్రతి ఆటగాడూ ప్రతి స్ట్రోక్‌కూ వాడే వస్తువు, ఏటా మళ్లీ మళ్లీ కొనే వస్తువు. అందుకే దాని తయారీదారుల మాటకు అంత బలం.

2023 మార్చిలో ఆ సంస్థలు మొదట ప్రతిపాదించింది వేరు. అత్యున్నత స్థాయి పోటీలకు మాత్రమే, నిర్వాహకులు కోరితే అమలు చేసుకునే స్థానిక నిబంధనగా, 127 మైళ్ల పరీక్షను పెట్టాలన్నారు. సరదాగా ఆడేవారి బంతిని తాకనే లేదు. టైగర్ వుడ్స్ ఇలా రెండు స్థాయిలకు రెండు నిబంధనలు ఉండడాన్ని సమర్థించాడు. పీజీఏ టూర్ ఆ ఏడాది జూలైలో తాము దాన్ని అనుసరించబోమని తేల్చిచెప్పింది. టైటిలిస్ట్ బంతులు చేసే అకుష్‌నెట్ కూడా ఆటను రెండుగా చీల్చవద్దని వాదించింది. మామూలు గోల్ఫర్ తాను ఆదివారం ఆడే బంతి, టీవీలో చూసే చాంపియన్ ఆడే బంతి ఒకటేనని సంతోషపడతాడు. ఆ భావన నిజమైనదే, నేను దాన్ని తక్కువ చేయను. అయితే ఆ వ్యతిరేకత తెచ్చిన ఫలితాన్ని కూడా చూడాలి. విడి నిబంధన వద్దన్నందుకు డిసెంబర్‌లో వచ్చిన నిర్ణయం అందరికీ వర్తించేదిగా మారింది. 300 గజాలు కొట్టడం ఎన్నడూ ఎరగని, దూరం పెరగడంలో ఏ పాత్రా లేని వయోవృద్ధ సభ్యుడు కూడా ఇప్పుడు తన వంతు గజాలు వదులుకోవాలి. ఆ బరువును అతని మీద పెట్టింది నిబంధనలు చేసేవారికన్నా, మొదటి ప్రతిపాదనను తిరస్కరించినవారే.

2023 డిసెంబర్‌లో ప్రకటించిన ప్రకారం 2027 అక్టోబర్ నుంచి పరీక్షకు వచ్చే బంతులు కొత్త కొలతకు లోబడాలి, అత్యున్నత స్థాయి పోటీలకు 2028 జనవరి నుంచి, మిగతావారందరికీ 2030 జనవరి నుంచి అది వర్తించాలి.