బుట్టకు శీల ఎక్కడుంది?

దేవరకొండ

పిల్లలూ,

మొన్న అంగడి నుంచి బతుకమ్మకు సిబ్బి, పూలకు బుట్ట తెచ్చినప్పుడు మీలో చిన్నది బుట్టను బోర్లించి అటూ ఇటూ తిప్పి చూసింది. "తాతా, దీనికి శీల లేదు, గమ్ము లేదు. మరి ఎట్ల ఆగింది?" అని అడిగింది. గునుగు పూలకు రంగులద్దే తొందరలో అప్పుడు జవాబు చెప్పలేదు. ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నా.

బతుకమ్మ ఆడటానికి 16 మంది గుండ్రంగా నిలబడ్డారనుకోండి. మీలో ఒకరు పొడుగాటి తాడు పట్టుకుని మొదటామె ముందు నుంచి, పక్కామె వెనక నుంచి, ఆ పక్కామె ముందు నుంచి దూరుకుంటూ వెళ్లాలి. చుట్టు తిరిగి మళ్లీ మొదటామె దగ్గరికి వచ్చేసరికి తాడు ఎటు పోతుంది? మళ్లీ ముందు నుంచే. పది చుట్లు తిరిగినా అంతే, తాడంతా ఆమె ముందే పేరుకుంటుంది, వెనక ఏమీ ఉండదు. ఒక్క అడుగు వెనక్కి వేస్తే ఆమె బయటపడిపోతుంది.

ఇప్పుడు ఇంకొకామె వచ్చి కలిసింది. 17 మంది అయ్యారు. ఈసారి రెండో చుట్టులో తాడు మొదటామె వెనక నుంచి పోతుంది, మూడో చుట్టులో ముందు నుంచి. ఆమె ఇక ముందుకూ పోలేదు, వెనక్కీ రాలేదు. నువ్వడిగిన శీల అదే బిడ్డా, ఆ వచ్చి కలిసిన ఒక్క మనిషి.

బుట్టలో ఆ నిలబడ్డవాళ్లు నిలువు బద్దలు, తాడు అల్లే బద్ద. అయితే ఇక్కడో చిక్కుంది. అడుగున 8 బద్దలు చక్రం ఆకుల్లాగా ఒకదాని మీద ఒకటి అడ్డంగా పరుస్తారు. ఒక్కో బద్దకు రెండు కొసలు, అంటే ఎప్పుడూ సరి సంఖ్యే వస్తుంది. అందుకని ఒక కొసను కత్తితో నిలువునా చీల్చి రెండు చేస్తారు. 16 కాస్తా 17 అవుతుంది.

బద్ద ఎక్కడిదంటే బొంగుది. మన వైపు నల్లమల వెదురు పేరున్నది. వెదురు చెట్టు కాదు, గడ్డి జాతి. పిలక లేచిన రెండు మూడు నెలల్లోనే పూర్తి ఎత్తు పెరిగిపోతుంది, ఆ తర్వాత లావెక్కదు, గట్టిపడుతుందంతే. అల్లటానికి ఏడాది దాటి రెండేళ్ల లోపుది కావాలి. గనుపుల దగ్గర పొలుసులు ఇంకా అంటుకుని ఉంటే అది ఈ ఏటి లేత బొంగు, ఎండాక ముడుచుకుపోతుంది. బాగా ముదిరింది వంచితే విరుగుతుంది. పిలకలొచ్చే వానకాలంలో కొట్టరు, చలికాలంలో కొడతారు. బొంగు లోపల గంజి లాంటి పిండి ఉంటుంది, పురుగు వచ్చేది దానికోసమే. పచ్చి బొంగును రెండు మూడు వారాలు నీళ్లలో ముంచి ఉంచితే ఆ పిండి చాలావరకు కొట్టుకుపోతుంది. కొన్న బుట్ట కింద సన్నటి పొడి రాలుతుంటే అక్కడ తొందరపడ్డారన్నమాట.

ఇంకో మాట, 2017లో చట్టం మార్చి అడవి బయట పెంచిన వెదురును చెట్ల లెక్కలోంచి తీసేశారు. చెలక గట్టు మీద పది దుబ్బులు పెంచుకోవాలనుకునే రైతుకు పనికొచ్చే సంగతి.

చీల్చటం చూడాలి మీరు. బొంగును సగానికి, ఆ సగాన్ని మళ్లీ సగానికి, ఎప్పుడూ సమానంగానే చీలుస్తూ పోవాలి. ఒక పక్క నుంచి సన్నగా కోద్దామంటే చీలిక పక్కకు జారి మధ్యలోనే తెగిపోతుంది. సమానంగా మొదలుపెట్టినా ఒక్కోసారి జారుతుంది. అప్పుడు కత్తిని బలంగా నొక్కితే ఇంకా చెడుతుంది. లావుగా మిగిలిన ముక్కను పట్టుకుని బయటికి వంచాలి. చీలిక మెల్లగా లావు వైపుకే జరిగి మళ్లీ మధ్యకు వస్తుంది. మేదరి ఇళ్లలో పిల్లలు కూడా ఈ పని మాట్లాడుకుంటూ చేసేస్తారు, చూసేవాళ్లకు మాత్రం కత్తికి కళ్లున్నాయేమో అనిపిస్తుంది.

తర్వాత పై పొరను లోపలి మెత్తదనం నుంచి విడదీస్తారు. బలమంతా నున్నటి పై పొరలోనే ఉంది. లోపలిది కలిపి అల్లితే బరువు పెరుగుతుంది, పురుగూ పడుతుంది. అందుకే చాలాచోట్ల అది పొయ్యిలోకి పోతుంది.

మా చిన్నప్పుడు ఊళ్లో పనికొక అల్లిక ఉండేది. ఎరువుకు తట్ట, కోళ్లకు గంప, వడ్లకు గుమ్మి, చెరగటానికి చాట. మేదరోళ్లు బొంగుతో, ఎరుకలోళ్లు ఈత బరిగెలతో అల్లేవారు. చాట సందులు పూడటానికి మెంతిపిండి, నానిన కాగితం కలిపి రుద్దేవారు. ఇప్పుడు వీటిలో సగం చోట్ల ప్లాస్టిక్ టబ్బే. సరే, ఆ గోల ఎందుకు.

మన బుట్ట లెక్క చూద్దాం. అడుగు వెడల్పు 10 అంగుళాలు, ఎత్తు 8. ఒక్కో నిలువు బద్దకు అడుగున 10, రెండు వైపులా ఎత్తుకు 16, పైన మడవటానికి అటు 5, ఇటు 5. మొత్తం 36 అంగుళాలు, రెండు మూరలు. అల్లే బద్ద అర అంగుళం వెడల్పుదైతే గోడకు 16 చుట్లు, అడుగుతో కలిపి దాదాపు 60 అడుగులు పడుతుంది. బద్దలను ముందు నీళ్లలో నానబెట్టాలి. ఎండిన బద్ద మోకాళ్ల నొప్పుల పెద్దమ్మ లాంటిది, వంగమంటే కటుక్కుమంటుంది. కానీ తడి బద్ద ఎండాక చిక్కిపోతుంది కూడా. అందుకే ప్రతి చుట్టూ కిందికి కొట్టి బిగించాలి. బద్ద అయిపోతే కొత్తదాన్ని పాతదాని మీద రెండు మూడు నిలువు బద్దల దాకా కలిపి నడిపించాలి, కొస దగ్గర కొస పెడితే అక్కడే ఊడుతుంది. లాగి అల్లితే మూతి ముడుచుకుపోతుంది, వదులు చేస్తే పళ్లెంలా పరుచుకుంటుంది. గోడ ఎత్తే ముందు అడుగును లోపలికి కొద్దిగా నొక్కుతారు. లేకపోతే బుట్ట నేల మీద ఊగుతూనే ఉంటుంది.

చివరికి ఆటలో ఉన్న అందరూ నడుం వంచి పక్కామె భుజం మీద చెయ్యి వేసినట్టు, కొసలన్నీ పక్కకు వంచి అల్లికలోకి దూర్చేస్తారు. లోపలొకటి, బయటొకటి లావు బద్దలు వేసి సన్న బద్దతో చుట్టి కడతారు. ఈ పోలిక ఇక ఆపాలి, మీ నాయనమ్మ చదివిందంటే పెద్దమ్మ ఎవరని అడుగుతుంది.

అంగడిలో మీ నాన్న 160 చెప్పిన బుట్టను 120కి అడిగాడు, చూశారుగా. రోజుకు నాలుగు బుట్టలు అల్లారనుకోండి. రోజు కూలి 500 వేసుకుంటే ఒక్కో బుట్టకు 125. బొంగు ఖర్చు, ఆటో కిరాయి ఇంకా కలపనే లేదు. ఆ లెక్క మీ నాన్నతో కూర్చుని వేయండి, నేను చెబితే వినడు.

పూలు తీసేశాక ఆ బుట్టను మళ్లీ బోర్లించండి. నిలువు బద్దలు వేలితో ఒక్కొక్కటీ ముట్టుకుంటూ లెక్కపెట్టండి. ఒకచోట రెండు సన్నవి దగ్గరదగ్గరగా ఉంటే అది చీల్చిన కొస. ఒకవేళ సరి సంఖ్యే వస్తే అల్లే బద్దలు రెండున్నాయేమో చూడండి, ఒకటి ముందు నుంచి పోయినచోట రెండోది వెనక నుంచి పోతుంది. మన బుట్ట ఏ రకమో నాకు రాయండి.

మీ
తాత