మెరైన్ ఎక్స్‌పెడిషనరీ ఫోర్స్ గురించి మనవాళ్లలో తిరిగే అపోహలు

నేవీలో ల్యాండింగ్ షిప్‌ల మీద పనిచేసి రిటైరయ్యాను. విశాఖ, కాకినాడల్లో 2019లో మొదలైన 'టైగర్ ట్రయంఫ్' (భారత్, అమెరికా సైన్యాలు కలిసి చేసేవి) విన్యాసాలు జరిగినప్పుడల్లా, ఓడల మీంచి తీరాల్లో దిగి పోరాడే అమెరికా మెరైన్ల మీద వాట్సాప్‌లో ఫార్వర్డ్‌లు వరద కడతాయి. వాటిలో సగం తప్పులే. జపాన్‌లోని ఒకినావాలో ఉండే 3వ మెరైన్ ఎక్స్‌పెడిషనరీ ఫోర్స్‌ని తీసుకుని చెబుతాను.

అపోహ: మెరైన్లంటే మన మార్కోస్ లాంటి కమాండోలు.

వాస్తవం: కానే కాదు. మార్కోస్ మన నేవీలోని చిన్న ప్రత్యేక దళం. ఈ 3వ ఫోర్సేమో ఒక డివిజన్, ఒక ఎయిర్ వింగ్, ఒక లాజిస్టిక్స్ (సరఫరా) గ్రూపు కలిసిన పెద్ద సైన్యం. పదాతి, ఫిరంగులు, ఫైటర్ జెట్లు, మెకానిక్‌లు, వంటవాళ్లు అందరూ ఒకే లెఫ్టినెంట్ జనరల్ కింద. అసలు తేడా రోజుల లెక్కలో ఉంది. సుమారు 2,200 మంది ఉండే చిన్న యూనిట్ తన సరుకుతో 15 రోజులు నెట్టుకొస్తుంది, బ్రిగేడ్ 30 రోజులు, ఈ ఫోర్స్ స్థాయికి వస్తే 60 రోజులు.

అపోహ: ఓడ ఒడ్డుకు చేరగానే తుపాకులతో దూకి పరిగెత్తడమే పని.

వాస్తవం: పెద్ద ఓడ ఒడ్డుకు రాదు, దూరంగానే ఆగుతుంది. బల్లాస్ట్ ట్యాంకుల్లోకి సముద్రపు నీళ్లు ఎక్కించి వెనకభాగాన్ని కిందికి దించి, వెనక గేటు తెరిస్తే లోపలి డెక్కులోకి నీళ్లు వచ్చి అక్కడున్న బోట్లు తేలి బయటికొస్తాయి. టెన్షనంతా ఆ తర్వాతే. ఒడ్డుకు కాస్త ముందు ఇసుక మేట ఉందనుకోండి, బోటు దాని మీద తట్టుకుని ఆగుతుంది, ఒడ్డొచ్చిందని ర్యాంప్ దించితే ముందున్నది లోతు నీళ్లు, దిగిన జీపు బోనెట్ దాకా మునుగుతుంది. పోటు తగ్గుతున్నప్పుడు వెళ్తే బోటు ఇసుక మీదే కూర్చుండిపోతుంది, మళ్లీ పోటొచ్చేదాకా కదలదు. ఇక లోడింగ్ తలకిందులు: ఒడ్డున మొదట కావాల్సింది ఓడలోకి చివర ఎక్కాలి. ఇసుక మీద దారి పరిచే సామాను లోపల అడుగున ఉండిపోయి నీళ్ల ట్యాంకర్ ముందు దిగిందంటే, అది ఇరుసుల దాకా కూరుకుపోతుంది, వెనక బోట్లన్నీ అలల్లో ఊగుతూ నిలబడాల్సిందే. నన్నడిగితే ఈ పనిలో తుపాకీ పట్టినవాడికన్నా లోడింగ్ ప్లాన్ గీసినవాడే ముఖ్యం.

అపోహ: వీళ్లు తీరం దాటి పోరు.

వాస్తవం: చరిత్ర వేరేలా ఉంది. 1942లో ఒక కోర్‌గా (కొన్ని డివిజన్లు కలిసిన పెద్ద దళంగా) పుట్టింది ఇది. గువామ్, పెలెలియు, ఒకినావా దీవుల యుద్ధాలు చేసింది, 1946లో మూతపడింది. 1965లో మళ్లీ లేచింది వియత్నాంలోని దనాంగ్‌లో. అక్కడ ఆరేళ్లపాటు దక్షిణ వియత్నాం ఉత్తరాది రాష్ట్రాల్లో నేల మీద యుద్ధమే చేసింది. 1968లో హువే నగరంలో ఇంటింటికీ పోరాటం, ఖేసాన్ కొండల్లో ముట్టడి. ఆర్మీ డివిజన్లు కూడా దీని కిందే పనిచేశాయి. 1971లో ఒకినావాకు తిరిగొచ్చింది.

అపోహ: యుద్ధం లేకపోతే ఖాళీ.

వాస్తవం: 1991లో బంగ్లాదేశ్‌ను తుపాను ముంచేసి లక్షకు పైగా జనం చనిపోయినప్పుడు, సహాయ దళాన్ని నడిపింది ఈ ఫోర్స్ కమాండర్ స్టాక్‌పోల్. గల్ఫ్ యుద్ధం నుంచి ఇంటికెళ్తున్న ఓడల్ని దారి మళ్లించారు. 2015 నేపాల్ భూకంపం సహాయంలో హెలికాప్టర్ కూలి ఆరుగురు మెరైన్లు, ఇద్దరు నేపాలీ సైనికులు చనిపోయారు. ఈ సంగతి ఫార్వర్డ్‌ల్లో కనపడదు మరి.

అపోహ: ట్యాంకులతో దిగుతారు.

వాస్తవం: పాత ముచ్చట. 2020 నుంచి మెరైన్ కోర్ తన ట్యాంకులన్నీ వదిలేసుకుంది. ఇప్పుడు దీవుల మీద విడివిడిగా ఉండి, ఓడల మీదికి క్షిపణులు వదిలే రెజిమెంట్ల వైపు వెళ్తోంది. హవాయిలో 2022లో ఒకటి, ఒకినావాలో 2023లో ఇంకొకటి తయారయ్యాయి.

మరి మనకు ఇలాంటిది ఉందా అని అడుగుతారు. ఒకే గొడుగు కింద లేదు. ఓడలు నేవీవి, దిగే పటాలం ఆర్మీది. విశాఖలో ఉండే ఐఎన్ఎస్ జలాశ్వ ఒకప్పుడు అమెరికా మెరైన్లను మోసిన ట్రెంటన్ ఓడే, 2007లో మనకొచ్చింది. 2020 మేలో మాల్దీవుల నుంచి 698 మందిని కొచ్చికి చేర్చింది అదే.