ఫైలు ఏ సర్వర్‌లో ఉంది? ఏఎఫ్‌ఎస్ రెండుసార్లు ఎందుకు అడుగుతుంది?

ఏఎఫ్‌ఎస్ అంటే ఆండ్రూ ఫైల్ సిస్టమ్, ఎక్కడో సర్వర్లలో ఉన్న ఫైళ్లని మన మెషీన్‌లోనే ఉన్నట్టు చూపించేది. లినక్స్ మెషీన్‌లో ఏఎఫ్‌ఎస్ డైరెక్టరీలోకి మొదటిసారి అడుగుపెట్టేటప్పుడు నెట్‌వర్క్ ట్రాఫిక్‌ని పట్టి చూస్తే, ఫైలు రావడానికి ముందే రెండు చిన్న ప్రశ్నలు యూడీపీ పోర్ట్ 7003 వైపు వెళ్లడం కనిపిస్తుంది. మొదటిది, ఫలానా పేరున్న వాల్యూమ్ (ఫైళ్ల కట్ట) ఎవరి దగ్గరుంది అని. దానికి జవాబుగా ఐపీ అడ్రస్ రాదు, 128 బిట్ల గుర్తింపు సంఖ్య ఒకటి వస్తుంది. రెండోది, ఆ సంఖ్య ఉన్న సర్వర్‌ని ఎక్కడ పట్టుకోవాలి అని. అప్పుడుగానీ అడ్రస్ చేతికి రాదు. ఆ అడ్రసేదో మొదటిసారే చెప్పేస్తే పోయేదిగా అనిపిస్తుంది కొత్తవాళ్లకి. నిజానికి ఒకప్పుడు మొదటిసారే చెప్పేవాళ్లు. ఆ పద్ధతి ఎందుకు మానుకోవాల్సి వచ్చిందో తెలియాలంటే 1980ల పిట్స్‌బర్గ్‌కి వెళ్లాలి.

కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం, ఐబీఎం కలిసి 1982లో ఆండ్రూ ప్రాజెక్టు మొదలుపెట్టాయి. ఆండ్రూ కార్నెగీ, ఆండ్రూ మెలన్ ఇద్దరి పేర్లూ అందులో కలిసొచ్చాయి. క్యాంపస్‌లో ఏ మూల ఏ వర్క్‌స్టేషన్ ముందు కూర్చున్నా ఎవరి ఫైళ్లు వాళ్లకి కనపడాలన్నది కోరిక. అది కూడా పదులూ వందలూ కాదు, 5,000కు పైగా వర్క్‌స్టేషన్ల లెక్క. ఫైల్ సిస్టమ్ కట్టినవాళ్లలో ముఖ్యుడు మహదేవ్ సత్యనారాయణన్, మద్రాస్ ఐఐటీలో చదువుకుని అక్కడికి పీహెచ్‌డీకి వెళ్లినాయన.

మొదటి నమూనాలో ఫైలు ఎక్కడుందో చెప్పే రికార్డు అంటూ విడిగా ఏదీ లేదు. ఆ సమాచారం డైరెక్టరీల చెట్టులోనే కలిసిపోయి ఉండేది. తన దగ్గర లేని కొమ్మ దగ్గర సర్వర్ ఒక స్టబ్ డైరెక్టరీ పెట్టుకునేది. వెతుక్కుంటూ వచ్చినవాడు అక్కడ ఆగిపోతే, 'ఇది ఇక్కడ లేదు, ఆ సర్వర్‌కి వెళ్లు' అని ఆ స్టబ్ చెప్పేది. క్లయింట్, అంటే ఫైలు అడిగే మెషీన్, పూర్తి పాత్ పంపేది, సర్వరే దాన్ని ముక్కముక్కా నడిచి వెతికేది. ఆ నడకకే సర్వర్ల సీపీయూ చాలా ఖర్చయ్యేది.

సీపీయూ ఖర్చుని ఎలాగోలా తట్టుకోవచ్చు. తట్టుకోలేనిది ఇంకోటుంది. ఒక సర్వర్‌లో డిస్క్ నిండిపోతే నలుగురు యూజర్ల డైరెక్టరీలని పక్క సర్వర్‌కి మార్చడం మామూలుగా చేసే పని. కానీ స్టబ్‌లన్నీ ఎక్కడికక్కడ పాతుకుపోయి ఉంటే మార్చేదెలా? యూజర్లని కదిలించడం కంటే ఆ సర్వర్‌కే ఇంకో డిస్క్ తగిలించడం తేలికగా ఉండేదని 1988లో వాళ్లే తమ పరిశోధన వ్యాసంలో రాసుకున్నారు. ఇది చదివినప్పుడల్లా నాకు మన ఇంటిపేర్లు గుర్తొస్తాయి. కొండవీటివారనో వేములపల్లివారనో పిలిపించుకునే వాళ్లలో ఎంతమంది ఆ ఊళ్లు చూసి ఉంటారు? తాతముత్తాతలు ఎప్పుడో ఊరు వదిలేశారు, ఊరు మాత్రం పేరుని వదల్లేదు. మనుషులకైతే ఇబ్బంది లేదు, ఇంటిపేరు చూసి ఎవరూ ఉత్తరం వెయ్యరు. ఆ నమూనాలో మాత్రం ఉత్తరాలన్నీ ఇంటిపేరు చూసే వేసేవాళ్లు.

రెండో రూపంలో వాల్యూమ్ వచ్చింది. ఇక్కడ వాల్యూమ్ అంటే టీవీ సౌండ్ కాదు, పుస్తకాల సంపుటం లాంటిది. ఒక యూజర్ ఫైళ్లన్నీ, లేదా ఒక సాఫ్ట్‌వేర్ మొత్తం, ఒక కట్టగా కట్టి దానికో సంఖ్య ఇచ్చారు. ప్రతి ఫైలుకీ 96 బిట్ల గుర్తింపు: వాల్యూమ్ సంఖ్యకి 32, ఆ వాల్యూమ్‌లో ఫైలు స్థానానికి 32, ఒకే స్థానాన్ని మళ్లీ వాడుకున్నప్పుడు పాతదీ కొత్తదీ కలిసిపోకుండా ఇంకో 32. ఈ మొత్తంలో సర్వర్ ప్రస్తావనే లేదు. కావాలనే తీసేశారు. వాల్యూమ్ ఎక్కడుందో చెప్పే పని వాల్యూమ్ లొకేషన్ డేటాబేస్‌కి అప్పగించారు. దాన్నే అందరూ వీఎల్‌డీబీ అంటారు.

అప్పట్లో ఆ డేటాబేస్ కాపీ ప్రతి సర్వర్‌లోనూ ఉండేది. వాల్యూమ్‌ని ఇంకో సర్వర్‌కి తరలిస్తే కాపీలన్నీ ఒకే క్షణంలో మారవు కదా, అందుకని పాత సర్వర్‌లో కొన్నాళ్లు కొత్త చిరునామా రాసి ఉంచేవాళ్లు, వచ్చినవాళ్లని అటు పంపడానికి. ఖాళీ చేసిన ఇంటి తలుపు మీద కొత్త అడ్రస్ అంటించి వెళ్లినట్టు.

ఏఎఫ్‌ఎస్ మూడో రూపం వచ్చేసరికి ఈ పని చూసే సర్వర్ ప్రాసెస్ వేరుపడింది, దాన్నే వీఎల్ సర్వర్ అంటారు. డేటాబేస్ కొన్ని మెషీన్లలోనే ఉంటుంది, వాటి మధ్య పొంతన చూసే బాధ్యత యూబిక్ అనే లైబ్రరీది. రాసే అధికారం ఎవరిదో యూబిక్ ఓటింగ్ పెట్టి తేలుస్తుంది. ఓట్లు సమానంగా చీలకుండా ఐపీ అడ్రస్ అన్నిటికంటే చిన్నగా ఉన్న మెషీన్‌కి అదనంగా అర ఓటు. వాల్యూమ్ గుర్తింపులోంచి అడ్రస్‌ని అంత కష్టపడి వెళ్లగొట్టినవాళ్లు ఎన్నికల బూత్‌లోకి మాత్రం రానిచ్చారు!

సెల్ (ఒక సంస్థ నడుపుకునే ఏఎఫ్‌ఎస్ సర్వర్ల గుంపు) కొత్తగా పెట్టినప్పుడు వాల్యూమ్ సంఖ్యలు సాధారణంగా 536870912 దగ్గర మొదలవుతాయి. ఒక వాల్యూమ్ తయారు చేస్తే వరసగా మూడు సంఖ్యలు కేటాయిస్తారు. అసలుది 536870915 అయితే, చదవడానికి మాత్రమే ఉండే కాపీది 536870916, బ్యాకప్‌ది 536870917. ఈ మూడూ ఒకే రికార్డులో ఉంటాయి. పేరు 22 అక్షరాలు దాటకూడదు. కాపీలన్నీ కలిపి 13 చోట్లకి మించి నమోదు కావు. పేరుతో అడిగినా సంఖ్యతో అడిగినా దొరికేలా హ్యాష్ పట్టికలు ఉంటాయి, ఒక్కో పట్టిక పరిమాణం 8191.

పేరుతో ఎందుకు అడుగుతారంటే, డైరెక్టరీల చెట్టుకి వాల్యూమ్‌ని తగిలించే చోటైన మౌంట్ పాయింట్‌లో ఉండేది పేరే. అది చూడ్డానికి డైరెక్టరీలా ఉన్నా లోపల సింబాలిక్ లింక్ లాంటిది. హ్యాష్ గుర్తో (#) శాతం గుర్తో (%) ముందు, తర్వాత వాల్యూమ్ పేరు, చివర చుక్క. ఉన్నదంతా అంతే. క్లయింట్ ఆ పేరు తీసుకుని వీఎల్ సర్వర్‌ని అడుగుతుంది, వచ్చిన జవాబుని గుర్తుపెట్టుకుంటుంది. ఆ జవాబుని వేదవాక్కుగా తీసుకోకపోవడం నాకు ఈ డిజైన్‌లో బాగా నచ్చిన విషయం. ఫైల్ సర్వర్ దగ్గరికి వెళ్తే 103 అని వచ్చిందనుకోండి, ఆ వాల్యూమ్ ఇక్కడ లేదని అర్థం. 111 వస్తే వేరే చోటికి వెళ్లిపోయిందని. రెండిట్లో ఏది వచ్చినా క్లయింట్ తన దగ్గరున్నది పారేసి మళ్లీ వీఎల్ సర్వర్‌నే అడుగుతుంది. జ్ఞాపకం పాతబడినా తప్పు ఫైలు రాదు, ఒక రౌండు ఎక్కువ తిరుగుతారు, అంతే.

మరి ఆ రికార్డులో సర్వర్ పేరు ఎలా రాశారు? ఇక్కడే మళ్లీ పాత కథ మొదలైంది. రికార్డులో సర్వర్‌కి ఒక్క బైటు. ఆ బైటు డేటాబేస్ మొదట్లో ఉన్న ఒక పట్టికలో వరస సంఖ్య, పట్టికలో గడికి ఒక ఐపీ అడ్రస్. అంటే సర్వర్ అన్నా ఐపీ అన్నా ఒకటే. వాల్యూమ్ పేరులోంచి తీసేసిన చిరునామా సర్వర్ పేరులో వచ్చి కూర్చుంది. ఒక మెషీన్‌కి ఒక నెట్‌వర్క్ కార్డే ఉన్నంతకాలం ఇది ఎవరికీ అడ్డం రాలేదు. రెండు కార్డులుండి, మొదటి దారి తెగిపోతే? రెండో దారి ఉందని క్లయింట్‌కి చెప్పడానికి రికార్డులో చోటే లేదు.

1990ల చివర్లో వచ్చిన 3.5 వెర్షన్ దీన్ని సర్దింది. ఒక్కో ఫైల్ సర్వర్‌కి యూయూఐడీ అనే శాశ్వత గుర్తింపు ఇచ్చారు, మొదట్లో చూసిన 128 బిట్ల సంఖ్య ఇదే. సర్వర్ లేవగానే తన అడ్రస్‌లన్నీ, 15 దాకా, వీఎల్ సర్వర్ దగ్గర తనే నమోదు చేసుకుంటుంది. పాత డేటాబేస్ రూపం చెడకుండా ఇదంతా ఎక్కడ ఇరికించారన్నది చూడాల్సిన ముచ్చట. 255తో మొదలయ్యే ఐపీ అడ్రస్ ఏ మెషీన్‌కీ ఉండదు. అందుకని పట్టికలో అలాంటి అడ్రస్ కనపడితే అది అడ్రస్ కాదు, అసలు వివరాలు ఫలానా అదనపు బ్లాక్‌లో ఉన్నాయన్న సూచన అని పెట్టుకున్నారు. పద్దు పుస్తకంలో గడి నిండిపోతే చుక్క గుర్తు పెట్టి 'వెనక పేజీ చూడుము' అని రాసుకున్నట్టే.

మొదట్లో చూసిన రెండు ప్రశ్నలూ ఇక్కడ పుట్టినవే. మొదటిదానికి యూయూఐడీలు, రెండోదానికి అడ్రస్‌లు. మొదటి జవాబుతో పాటే ఇంకో చిన్న సంఖ్య కూడా వస్తుంది. పోయినసారి చూసినప్పటి సంఖ్యే మళ్లీ వస్తే అడ్రస్‌లు మారలేదని అర్థం, రెండో ప్రశ్న అక్కర్లేదు. సర్వర్‌ని అడిగే ఒక్కో రకం ప్రశ్నని కాల్ అంటారు, దానికో సంఖ్య ఉంటుంది. పాత క్లయింట్ల కోసం పాత కాల్ 504 అలాగే ఉంది, కొత్తదాని సంఖ్య 527. లినక్స్ కెర్నల్‌లోనే ఉండే ఏఎఫ్‌ఎస్ క్లయింట్ చాలాకాలం పాతదాంతోనే నెట్టుకొచ్చింది. 2018 జనవరిలో విడుదలైన 4.15లో ఆ భాగాన్ని తిరగరాశాక కొత్త కాల్‌కి మారింది.

యూయూఐడీతోనైనా గొడవ తీరిందా అంటే, కొత్త రకం గొడవ వచ్చింది. ఆ సంఖ్య సర్వర్ డిస్క్ మీద సిస్‌ఐడీ అనే చిన్న ఫైల్లో ఉంటుంది. పనిచేస్తున్న సర్వర్ డిస్క్‌ని క్లోన్ చేసి రెండో సర్వర్ నిలబెట్టేవాళ్లు ఆ ఫైలు తీసెయ్యడం మర్చిపోయారా, టెన్షన్ మొదలు. కొత్త మెషీన్ లేచి 'నేనే ఫలానా, నా అడ్రస్‌లు ఇవి' అని నమోదు చేసుకుంటుంది. వీఎల్ సర్వర్ నమ్మి పాత అడ్రస్ కొట్టేస్తుంది. పాత సర్వర్‌లో వాల్యూమ్‌లు భద్రంగానే ఉంటాయి, క్లయింట్లు మాత్రం కొత్త మెషీన్ దగ్గరికెళ్లి 103 తీసుకుని, మళ్లీ వీఎల్ సర్వర్‌ని అడిగి, మళ్లీ అక్కడికే వెళ్తాయి.

రికార్డు ఒకటి చెప్పి డిస్క్ మరొకటి చెప్పినప్పుడు ఏది నిజం? ఏఎఫ్‌ఎస్ దీనికి రెండు మరమ్మతు కమాండ్లు ఇచ్చింది. ఒకటి డిస్క్‌లో ఉన్నది చూసి డేటాబేస్‌ని సరిచేస్తుంది, రెండోది డేటాబేస్ చూసి సర్వర్‌ని సరిచేస్తుంది. గూగుల్ 2003లో బయటపెట్టిన తన ఫైల్ సిస్టమ్‌లో ఈ తగాదానే లేకుండా చేసింది. ఫైలు ఏ ముక్క ఎక్కడుందో అక్కడి లెక్క చూసే మాస్టర్ అనే సర్వర్ తన డిస్క్‌లో రాసుకోదు, లేచినప్పుడల్లా సర్వర్లనే అడుగుతుంది. ఒకే మాస్టర్, ఒకే డేటాసెంటర్ ఉన్న చోట అది కుదురుతుంది. ఖండాలు దాటి విస్తరించాలనుకున్న ఏఎఫ్‌ఎస్‌కి కుదిరేది కాదు.

ఐబీఎం కోడ్ విప్పి ఇవ్వడంతో 2000లో ఓపెన్‌ఏఎఫ్‌ఎస్ పుట్టింది. దాని వీఎల్‌డీబీలో అడ్రస్ గడి ఈరోజుకీ 32 బిట్లే, అంతకంటే పొడవైన కొత్త రకం ఐపీ అడ్రస్ ఐపీవీ6 పట్టదు. ఆరిస్టార్ అనే వాణిజ్య రూపం అందుకోసం ఇంకో కాల్ చేర్చింది, అందులో ఐపీవీ4 అయినా ఐపీవీ6 అయినా పోర్ట్‌తో సహా వస్తుంది. లినక్స్ క్లయింట్ ఇప్పుడు అవతల ఉన్నది ఏ రకం సర్వరో ముందు తేల్చుకుని, దాన్నిబట్టి ఏది అడగాలో నిర్ణయించుకుంటుంది.

ఇంతకీ వీఎల్ సర్వర్ ఎక్కడుందో క్లయింట్‌కి ఎవరు చెప్పాలి? ఇంటర్నెట్‌లో పేర్లకి అడ్రస్‌లు చెప్పే డీఎన్‌ఎస్ చెప్పొచ్చు. 1990లోనే దానికోసం ప్రత్యేక రికార్డు రకం పెట్టారు, 2010లో ఏ సేవ ఏ మెషీన్‌లో ఉందో చెప్పే మామూలు ఎస్‌ఆర్‌వీ రికార్డులతో కొత్త పద్ధతి వచ్చింది. ఇప్పటికీ చాలామంది వాడేది మాత్రం సెల్‌సర్వ్‌డీబీ అనే టెక్స్ట్ ఫైలు. ప్రపంచంలోని సెల్‌ల పేర్లు వరసగా ఉంటాయి. ఒక్కో పేరు కింద, ఏ డేటాబేసూ లేకుండా, ఎవరో చేత్తో టైపు చేసిన ఐపీ అడ్రస్‌లు.